నిమ్మకాయ కోసిన చోట

18 జనవరి 1982

దవాఖాన నుంచి ఇంటికి తీసుకొచ్చి నాలుగు రోజులయింది. ఆయన ఏం తిన్నాడో, ఏం తాగాడో, నోట్లోంచి ఏమైనా మాట వచ్చిందో రోజూ రాసిపెట్టమని డాక్టరమ్మ చెప్పింది. ఈ డైరీ బ్యాంకు వాళ్ళు ఇచ్చింది. ఏటా ఇస్తారు, ఏటా అలమారలో ఖాళీగా పడి ఉంటుంది.

ఇడ్లీ ఒకటి. పాలు అరగ్లాసు, అందులో సగం మెడ మీదికే పోయింది. మాట లేదు.

19 జనవరి

అదే.

24 జనవరి

తిండి సంగతులు రాసీ రాసీ విసుగొస్తున్నది. డాక్టరమ్మకు వేరే కాగితం మీద రాసిస్తాను, ఈ పేజీలు నాకోసం ఉంచుకుంటాను. ఇంట్లో పొద్దంతా మాట్లాడే మనిషి మాట మానేస్తే, రెండో మనిషి ఎక్కడో ఒకచోట వాగాలి గదా.

మా సారు అంటే నా మొగుడే. రామలింగం సారు, హన్మకొండ కాలేజీలో హిస్టరీ చెప్తాడు. పెళ్ళయిన కొత్తలో పిల్లలందరూ సారూ సారూ అంటూ ఇంటికొస్తుంటే నాకూ అదే అలవాటయింది. కొత్త సంవత్సరం వచ్చిన వారంలోనే, క్లాసులో బోర్డు మీద ఏదో గీస్తూ సుద్దముక్క జారవిడిచాడట. తీసుకుందామని వంగినవాడు వంగినట్టే పడిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, అన్నీ ఒక్కసారే పోయాయి. బోర్డు మీద ఏం గీస్తున్నాడని పిల్లల్ని అడగాల్సిన పని నాకు లేదు. కత్తే అయ్యుంటుంది.

నాకు సవతి లేదని ఎవరన్నారు? ఒకరు కాదు, ఇద్దరున్నారు. మంచానికి ఎదురుగా గోడకు వేలాడుతున్నారు.

ఒకటి తిన్నటి కత్తి, రెండువైపులా పదును. దాని పేరు ఫిరంగి. ఫిరంగి అంటే తోపు గదా అని కొత్తలో నేను అన్నందుకు అన్నం చల్లారిపోయేదాకా పాఠం చెప్పాడు. పరంగుల దేశం నుంచి ఓడలో వచ్చిన కత్తి బద్దకు మన దక్కనులో పిడి వేసుకుంటే దాన్ని ఫిరంగి అన్నారట. రెండోది వంకర కత్తి, ఒకవైపే పదును. అది మన ఉక్కు. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో మూసలో కరిగించిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్ వర్తకులు వచ్చి, కొలిమి ముందరే కూర్చుని, కళ్ళతో చూసి మరీ కొనుక్కుపోయేవాళ్ళట. రెండింటినీ స్టేషన్ రోడ్డులో పాత ఇనుప సామాను దుకాణంలో పట్టుకొచ్చాడు. నాకు దిద్దులు చేయిస్తానన్న నెల అది.

దసరాకు వాటికి పూజ చేసేది నేనే. పసుపు, కుంకుమ పెట్టి, వంకరదాని మీద పిడి దగ్గర నిమ్మకాయ కోసేదాన్ని. ఏటా అక్కడే కోసీ కోసీ, ఒక ఏడు తుడుస్తుంటే అరచేతంత మేర నల్లటి తెల్లటి గీతలు తేలాయి, పాలమీద మీగడ ముడుచుకున్నట్టు. మచ్చ పడ్డదని భయపడి చింతపండు పెట్టి రుద్దాను. ఇంకా తేలింది. ఆయన వచ్చి చూసి తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఇందిరా, ఇది ఉక్కులో నీరు, గీ గీతలకు గదే పేరు. పుస్తకాలల్ల చదువుడే గని కండ్లతోని చూడలే. ఇన్నేండ్ల సంది నా గోడకే ఉన్నది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ చోటు చూపించి, మా ఇందిర కనిపెట్టింది అని చెప్పేవాడు. నన్ను ఇంకే విషయంలోనూ అంతగా పొగిడింది లేదు.

2 ఫిబ్రవరి

డాక్టరమ్మ అన్నది: "ఆయనకు ఇష్టమైన ముచ్చట్లు పెట్టుండ్రి. ఊకె కూసోవద్దు."

ఇష్టమైన ముచ్చట అంటే కత్తులే. నాకు తెలిసినవన్నీ చెప్పాను. ఆయన కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. చెప్పిందే చెప్తే ఎవరికి మాత్రం బాగుంటుంది?

తర్వాత తట్టింది. ఈయన సరైన మాటకు ఏనాడూ పలకలేదు. తప్పు మాటకే లేచి కూర్చునేవాడు. రఘునాథపల్లిలో ఒక పెళ్ళికి పోయినప్పుడు పక్క బంతిలో ఎవరో, పూర్వం ఇంగ్లీషు వీరుల కత్తి ఒక్కడు ఎత్తలేనంత బరువుండేదట అన్నాడు. ఈయన విస్తరి ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే పోయి, శేరున్నర కూడా ఉండదని వాదించి వచ్చేసరికి బంతి లేచింది. సిగ్గుతో చచ్చాను.

రేపటి నుంచి తప్పులే చెప్తాను.

5 ఫిబ్రవరి

"సారూ, ఇంగ్లీషోళ్ళ కత్తి రోటిరాయంత బరువుంటదట గదా" అన్నాను.

కళ్ళు పైకప్పు మీద నుంచి దిగి నా మీదికి వచ్చాయి. కోపంగా చూశాడు. ఆ కోపం చూసి ఎన్ని రోజులయింది! నేను లోపలికి పోయి కొంగుతో మూతి మూసుకుని నవ్వాను.

10 ఫిబ్రవరి

పోశవ్వ వదినె మేడారం జాతర నుంచి సక్కగా ఇటే వచ్చింది. ఆయన అక్క, పరకాల అవతల ఊళ్ళో ఉంటుంది. అమ్మవార్ల బెల్లం తెచ్చి తమ్ముడి నాలుక మీద పెట్టి, తల నిమిరి ఏడ్చింది. చిన్నప్పుడు ఆయనను చంకనేసుకుని తిప్పింది ఆమేనట. పోయే ముందు నన్ను వంటింట్లోకి పిలిచింది.

"పిల్లా, పాత ఉక్కు ఎర్రగ కాల్చి కషాయంల ముంచాలె, మూడుమాట్ల. గా కషాయం తాపితే సచ్చుబడ్డ చెయ్యి లేస్తది. మా నాయినకు గట్లనే లేసింది. ఏర్లు నేను పంపుత. ఉక్కుకు ఫికరేంది, మీ గోడకు ఉట్టిగనే ఏలాడవట్టె."

"గవి కాల్చేటియి కావు వదినె" అన్నాను.

ఎందుకు కావో నాకు ముఖపాఠం. ఐరోపా కమ్మర్లు మన ఉక్కును తెప్పించుకుని, తమ ఇనుములాగే తెల్లగా మెరిసేదాకా కాల్చి సమ్మెట వేస్తే పొడిపొడి అయిందట. మనది ముదురు ఎరుపు దాటకూడదు. దాటితే నీరు పోతుంది, ఇక రాదు. వాళ్ళ కత్తిని ఎన్నిసార్లు కాల్చినా మళ్ళీ పదును పెట్టుకోవచ్చు. మనది ఒక్కసారి పోతే పోయినట్టే. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

14 ఫిబ్రవరి

మాట వచ్చింది.

ఎట్లా వచ్చిందో సరిగ్గా రాయాలి. గంజి తాగించి మూతి తుడుస్తూ మామూలుగా అన్నాను: "ముసల్మాన్ల కత్తులు మొదటి సంది వంకరనే గదా సారూ. సలాదీను చేతిల ఉన్నది గూడ వంకరదే."

ఎడమచెయ్యి మంచం పట్టె మీద కొట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. కా, కా అని రెండుసార్లు. భయపడి ఊరుకోమన్నాను. ఊరుకోలేదు.

"కాదు."

ఎదురింటి మల్లక్క మగ్గం కండెలు చుట్టేది చుట్టినట్టే వదిలేసి పరుగెత్తుకొచ్చింది, నా ఏడుపు విని ఇంకేదో అయిందనుకుని.

"ఏమైందక్కా?"

"కాదన్నడు" అన్నాను.

"కాదంటే ఏడుస్తరా ఎవలన్న" అని ఆమె కూడా నాతో పాటు ఏడ్చింది.

తర్వాత ఆయన బదులు మిగతాదంతా నేనే చెప్పాను. "సరే, కాదు. సలాదీను కాలంల వాళ్ళయి గూడ చానమట్టుకు తిన్నటియే. గుర్రాల మీద వచ్చిన తుర్కోళ్ళు, మంగోలోళ్ళతోని వంకర కత్తి వచ్చింది. అంతేనా?" ఆయన నుదుటి మీద ముడతలు విడిపోయాయి.

15 ఫిబ్రవరి

కాదు, పన్నెండుసార్లు. డాక్టరమ్మ కాగితం మీద కూడా రాశాను.

3 మార్చి

ఇంట్లో ఇప్పుడు అన్నీ కాదే. ఉప్పు సరిపోయిందా అంటే కాదు. ఫ్యాను వెయ్యాలా అంటే కాదు. ఆపాలా అంటే కాదు. మల్లక్క వచ్చి, "సారూ, ఇందిరక్క మీ భార్యేనా" అని అడిగింది. కాదు అన్నాడు. అని సగం మూతితో నవ్వాడు. నేను గరిటె చూపించాను.

26 మార్చి

ఉగాది. పచ్చడి నాలుకకు రాశాను. పులుపుకు ముఖం ముడుచుకున్నాడు.

తప్పులు వెతకడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తున్నది. తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు తెలియాలి. అలమారలోంచి ఆయన చదివే పుస్తకాలు తీసి బొమ్మలు చూస్తున్నాను. ఇంగ్లీషు నాకు అంతంత మాత్రమే అయినా, కత్తుల సంగతి కాబట్టి సగం అర్థమవుతున్నది.

ఇవాళ అడిగాను: "ఫిరంగి నడుమ గా కాల్వ నెత్తురు కారిపోనీకే గదా?"

"కాదు."

"సరే. బరువు తగ్గనీకె. కాల్వ తీస్తే బద్ద తేలికయితది, బలం తగ్గది. మరి ఇంగ్లీషోళ్ళ కత్తే గొప్పదా?"

"కాదు."

"అయితే ముసల్మాన్లదే గొప్పది."

"కాదు."

ఎడమచేత్తో పట్టెను దబదబా బాదాడు, క్లాసులో డస్టర్‌తో బల్ల మీద కొట్టినట్టు. ఏది గొప్ప అని అడిగిన పిల్లాణ్ణి నిలబెట్టేవాడు. ఎదుటివాడి ఒంటి మీద ఏమున్నదో ముందు చెప్పరా అనేవాడు. ఇనుప రేకులు తొడిగి వచ్చేవాణ్ణి సందు చూసి పొడవాలంటే తిన్నటి మొన కావాలి, అది వంగినా మళ్ళీ తిన్నగా లేవాలి. గుర్రం మీద పోతూ పోతూ ఒక్క కోత కోసి దాటిపోవాలంటే వంకర కావాలి, పదును చెడకుండా నిలవాలి. ఒకటి వంగి లేస్తుంది, ఒకటి వంగకుండా నిలిచి చివరికి విరుగుతుంది. ఎవరి ఇనుము వాళ్ళకు నేర్పినట్టు వాళ్ళు చేసుకున్నారు.

ఇదంతా వ్యాసంగా రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాడు. మొదలుపెట్టనే లేదు. ఇప్పుడు ఆయన కాదంటుంటే, నేను పూర్తి చేస్తున్నాను. ఇంత సంసారం మేము ఎప్పుడూ చెయ్యలేదు.

19 ఏప్రిల్

జ్వరం. గంజి దిగడం లేదు. కాదు అనడానికి చాలాసేపు పడుతున్నది.

22 ఏప్రిల్

డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసింది. బయటికి పిలిచి నాతో ఏదో చెప్పింది. నాకు సరిగ్గా వినిపించలేదు. మల్లక్క వాళ్ళింట్లో మగ్గం చప్పుడు.

3 మే

కాదు అని పది రోజులైంది.

ఇవాళ ఘోరమైన తప్పు చెప్పాను. "సారూ, గీ రెండు నాటకపోళ్ళ రేకు కత్తులట. దుకాణపాయన మిమ్మల్ని మోసం చేసిండట." కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు పైకప్పు మీద. నేను మళ్ళీ అన్నాను. చెవి దగ్గర నోరు పెట్టి అన్నాను.

కోపం కూడా రాలేదు. నాకు చాలా భయమేసింది.

12 మే

పోశవ్వ వదినె పరకాల బస్సు కండక్టరు చేతికిచ్చి వేర్లు పంపింది.

ఫిరంగిని చద్దరులో చుట్టుకుని కరీమాబాద్‌లో రాయమల్లు కొలిమికి పోయాను. నాగలి కర్రులు, గొడ్డళ్ళు చేసే మనిషి. కత్తి చూసి అటూ ఇటూ తిప్పి, "మంచి సామాను అమ్మా, ఎందుకు కాలుస్తాన్రు" అన్నాడు. చెప్పాను. మూడుసార్లు కాల్చి కషాయంలో ముంచి, మళ్ళీ పదును పెట్టి ఇచ్చాడు. వంచి చూశాను. వంగింది, లేచింది. ఎప్పటిలాగే ఉన్నది. తెచ్చి మేకుకు తగిలించాను.

పరంగులది కాబట్టి పరవాలేదు. ఆయనే చెప్పాడు గదా.

29 మే

కషాయం తాగుతూనే ఉన్నాడు. తాగించడం నాకు బాగా వచ్చింది. గుటకకు గుటకకు మధ్య గొంతు కింద నిమరాలి. చెయ్యి లేవలేదు. మాట లేదు.

31 మే

వదినె వచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నది. తర్వాత అడిగింది.

"ఏది కాల్చినవ్?"

"తిన్నటిది."

"గది దొరల ఇనుము గదనె. దొరల ఇనుము మనోనికేం పనిజేస్తది?"

నవ్వాను. దొర ఇనుమేమిటి, మన ఇనుమేమిటి, ఇనుముకు కులముంటుందా అనుకున్నాను. పొద్దంతా ఆ మాటే చెవిలో తిరుగుతున్నది. కావాలని పనికిరానిది కాల్చి, పనికొచ్చేదాన్ని దాచిపెట్టుకున్నానా? మొగుడి కంటే గోడ మీది కత్తి ఎక్కువైందా నాకు?

8 జూన్

వంకరదాని మొన దగ్గర జానెడు కాలిస్తే చాలు. నిమ్మకాయ కోసిన చోటు పిడి దగ్గరున్నది, వేడి అంతదూరం రాదు. ముదురు ఎరుపు దాటనివ్వను. పక్కనే నిలబడతాను. రాయమల్లు నా మాట వింటాడు.

మొన కాలిస్తే ఏం కాదు.

12 జూన్

పోయి వచ్చాను. కషాయం తాగాడు. గుటక బాగా పడింది.

13 జూన్

గుటక బాగా పడుతున్నది.

16 జూన్

రాయకపోతే నేనే అబద్ధాన్ని నమ్మేటట్టున్నాను. రాస్తాను.

మొదట నేననుకున్నట్టే అయింది. మొన జానెడే పెట్టాడు, ముదురు ఎరుపు రాగానే ఆపమన్నాను, ఆపాడు. ముంచితే చిన్నగా సుయ్యిమన్నది. కషాయంలో వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా కూడా లేదు.

"గింత సెగకు కషాయం మరగది అమ్మా" అన్నాడు రాయమల్లు. పాపం, ఆయనకేం తెలుసు. నాకు తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియనంత బాగా నాకు తెలుసు. ఆ కొలిమి ముందు నిలబడితే, సారు ఇన్నేళ్ళూ చెప్పిన మాటలన్నీ ఒక్కటీ పోకుండా గుర్తుకొచ్చాయి. ఆయన కాదు అని నెల దాటింది. అదీ గుర్తుకొచ్చింది.

"మొత్తం పెట్టు. మరిగేదాక కాల్చు" అన్నాను.

తిత్తి గట్టిగా ఊదాడు. ఎరుపు దాటింది. నారింజ పండు రంగు వచ్చింది, అదీ దాటి పసుపు పచ్చగా అయింది. నేను చూస్తూనే ఉన్నాను. మూడుసార్లు. మూడోసారి ముంచగానే లోపల ఎక్కడో టిక్కుమన్నది. పిడికి బెత్తెడు కింద వెంట్రుకవాసి చీలిక. కషాయం బాగా మరిగింది.

ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుని, ఆ చోట నిమ్మకాయ రుద్దాను. చింతపండు పెట్టి రుద్దాను. మూకుడు అడుగులా బూడిదరంగుగా ఉన్నది, అంతే. ఒక్క గీత లేదు.

ఆయన ఏం అపరాధం చేశాడని ఇట్లా చేశాను? చెయ్యి లేస్తే చాలనుకున్నాను. కాదు అని ఒక్కసారి అంటే చాలనుకున్నాను.

24 జూన్

కత్తిని నా పెట్టెలో చీరల కింద పెట్టాను. గోడకు ఫిరంగి పక్కన ఉత్త మేకు ఉన్నది. ఆయన చూపు పైకప్పు మీద నుంచి దిగి ఆ మేకు దగ్గరే నిలుస్తున్నది. చూపు దిగిందని సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు.

"నూనె పెట్టనీకె ఇచ్చిన సారూ, వస్తది" అన్నాను.

30 జూన్

మేకు వైపే.

9 జూలై

మధ్యాహ్నం అన్నం తినిపించాక ఎడమచెయ్యి ఎత్తి మేకును చూపించాడు. దించలేదు. నేను గిన్నెలు తీసి, నేల తుడిచి, వచ్చేసరికి కూడా చెయ్యి అట్లాగే ఉన్నది.

ఇక తప్పదని పెట్టె తెరిచాను. తెచ్చి ఒళ్ళో పెట్టాను. ఆయన ఎడమచేతి బొటనవేలు నేరుగా పిడి దగ్గరికి పోయింది, నిమ్మకాయ కోసిన చోటికి. అక్కడ నిమిరాడు. చూశాడు. కొంచెం కిందికి పోయి చీలిక మీద ఆగాడు. మళ్ళీ పైకి వచ్చాడు. ఆయనకు చెప్పాల్సిందేమీ లేదు. బద్ద మీది రంగు చూసి ఎంత సెగలో పెట్టారో పిల్లలకు చెప్పే మనిషి.

ఏదో ఒకటి అనాలి గదా. అన్నాను.

"నీరు అట్లనే ఉన్నది గదా సారూ. ఇంక మంచిగ తేలింది."

ఇన్నాళ్ళూ చెప్పిన తప్పుల్లో ఇంత పెద్ద తప్పు లేదు. తల దించుకుని ఎదురుచూశాను. కాదు అంటాడని. అనాలని దేవుడికి మొక్కాను. పట్టె మీద బాదితే బాగుండు, ఆ కత్తి నా మీదికి విసిరితే బాగుండు అనుకున్నాను.

ఆయన చెయ్యి పట్టె మీదికి పోలేదు. వచ్చి నా తల మీద పడింది, బరువుగా.

"అవును" అన్నాడు.

నత్తి లేకుండా అన్నాడు. పెళ్ళయిన నాటి నుంచి కత్తుల సంగతిలో నా మాటకు ఆయన అవును అన్నది లేదు. పెళ్ళి బంతిలో ముక్కూముఖం తెలియనివాడి తప్పునే వదలని మనిషి.

నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. ఆయనకు వినిపించే ఉంటుంది.

11 జూలై

వదినె వచ్చింది. సంగతి మల్లక్క చెప్పిందట. సంబరంతో నన్ను పట్టుకున్నది.

"కొత్త మాట వచ్చిందటగ పిల్లా. నేను జెప్పలే? మన ఉక్కు పనిజేసింది సూడు."

"పనిజేసింది వదినె" అన్నాను.

2 ఆగస్టు

మళ్ళీ జ్వరం. చప్పరించడం కూడా మానేశాడు. తప్పులు చెప్పడం నేనూ మానేశాను. పక్కన కూర్చుని ఒప్పులే చెప్తున్నాను, ఒకదాని తర్వాత ఒకటి, వ్యాసం మొత్తం.

5 ఆగస్టు

పొద్దున పోయాడు.

6 సెప్టెంబర్

ఎల్లస్వామి వచ్చాడు. సారు దగ్గర చదువుకుని ఇప్పుడు అదే కాలేజీలో పాఠం చెప్తున్నాడు. సారు గుర్తుగా కాలేజీలో ఒక అద్దాల పెట్టె పెడతామని, కత్తులు ఇస్తారా అని అడిగాడు. ఫిరంగిని తీసిచ్చాను.

"రెండోది అమ్మా?"

"అది మామూలు ఇనుము బిడ్డా. పెట్టెల పెట్టేటంత లేదు."

"గట్లంటరేంది. దాన్ల నీరున్నది, మా ఇందిర కనిపెట్టింది అని సారు క్లాసుల ఎన్నిసార్లు చెప్పలే."

"కాదు" అన్నాను.

వాడు ఒకసారి నా ముఖం చూశాడు. ఫిరంగిని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

27 అక్టోబర్

దసరా. ఈ ఏడు పూజ వద్దక్కా, సారు పోయి మూణ్ణెల్లన్న కాలే అన్నది మల్లక్క. జమ్మి ఆకు ఇస్తే తీసుకున్నాను. ఆమె పోయాక పెట్టెలోంచి కత్తిని తీసి ఆయన మంచం మీద పెట్టాను. పసుపు రాశాను, కుంకుమ పెట్టాను. ఎప్పుడూ కోసే చోటే నిమ్మకాయ కోశాను. రసం కిందికి కారి చీలిక దగ్గర ఆగింది. చాలాసేపు ఉంచి తుడిచాను. ఏమీ లేదు. ఉండదని తెలుసు.

ఎదురింట్లో మగ్గం ఆగి ఉన్నది, పండుగ కదా. మంచం పక్కన నా పీట మీద కూర్చున్నాను.

"సారూ, గీ వంకర కత్తి ఇంగ్లీషోళ్ళది" అన్నాను గట్టిగా. "రోటిరాయంత బరువు. నెత్తురు కారనీకె కాల్వ తీసిండ్రు. ఎంత కాల్చినా దీని నీరు పోదు."

కొంచెంసేపు ఆగాను. ఎవరూ కాదనలేదు.